థండర్‌బర్డ్‌లో మెయిళ్లు పోకుండా ఫోల్డర్లను చూసుకోవడం ఎలా?

బెంగళూరులో చిక్‌పేట హోల్‌సేల్ దుకాణమైనా, జయనగర్‌లో చిన్న ఆడిటర్ ఆఫీసైనా కంప్యూటర్ తెరిస్తే ఒకటే దృశ్యం: ఏళ్ల నాటి బిల్లులు, కొటేషన్లు, పీడీఎఫ్‌లు అన్నీ ఒక్క ఇన్‌బాక్స్‌లోనే గుట్టపడి ఉంటాయి. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి కాబట్టి దేన్నీ తీసెయ్యడానికి చెయ్యి రాదు. దాచుకోవడం మంచిదే. దాచే చోటు మాత్రం ఇన్‌బాక్స్ కాదు.

ఎందుకంటే థండర్‌బర్డ్ (కంప్యూటర్‌లో మెయిళ్లు చూసుకునే ప్రోగ్రామ్) మామూలు సెట్టింగులో ఒక్కో ఫోల్డర్ ఒక్కో పెద్ద ఫైలు. ఇన్‌బాక్స్‌లో 20 వేల మెయిళ్లున్నా అవన్నీ ఒకదాని కింద ఒకటి రాసి ఉన్న ఒకే ఫైలు. మీరు డిలీట్ నొక్కితే మెయిల్ చెరిగిపోదు. ఖాతా పుస్తకంలో పద్దు కొట్టేసినట్టు దాని మీద ఒక గుర్తు పడుతుందంతే, ఫైలు సైజు తగ్గదు. కొట్టేసినవి వదిలేసి మిగతావి కొత్త ఫైలులోకి ఎత్తి రాసే పనే 'కాంపాక్ట్'. ప్రతి ఫోల్డర్ పక్కన 'ఎంఎస్ఎఫ్' అనే తోకతో ఇంకో చిన్న ఫైలు ఉంటుంది. అది విషయసూచిక మాత్రమే, పాడైనా మళ్లీ తయారవుతుంది. అసలు ఫైలు పాడైతే అలా కాదు.

ముందు మీ మెయిళ్లు ఎక్కడున్నాయో చూడండి. హెల్ప్ మెనూలో 'ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్' తెరిచి, 'ప్రొఫైల్ ఫోల్డర్' ఎదురుగా ఉన్న 'ఓపెన్ ఫోల్డర్' నొక్కండి. 'మెయిల్' అనే ఫోల్డర్‌లో పాప్ (మెయిళ్లను సర్వర్ నుంచి మీ కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) అకౌంట్లు, లోకల్ ఫోల్డర్లు ఉంటాయి. 'ఇమాప్‌మెయిల్'లో ఐమ్యాప్ (సర్వర్‌లో ఉన్నదే ఇక్కడా చూపించే పద్ధతి) అకౌంట్లు. పాప్ అయితే అకౌంట్ సెట్టింగ్స్‌లో 'లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్' చూడండి. అక్కడ 14 రోజులని ఉంటే, ఆ తర్వాత మీ దగ్గరున్నదే ఏకైక ప్రతి. ఐమ్యాప్‌లో సర్వర్ మీద కూడా ఉంటాయి, కానీ ఇక్కడ తీసేస్తే అక్కడా పోతాయి. దాన్ని బ్యాకప్ అనుకునేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

ఏ మార్పుకైనా ముందు నకలు తీయాలి.

1. థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసేయండి. తెరిచి ఉండగా తీసిన నకలు సగం రాసిన ఫైలు కావచ్చు.
2. ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్కులోకి కాపీ చేయండి. ఇన్‌బాక్స్ ఫైలు ఒక్కటే తీసుకుంటే చాలదు. దాని కింది సబ్‌ఫోల్డర్లు 'ఎస్‌బీడీ' తోక ఉన్న వేరే ఫోల్డర్‌లో ఉంటాయి.
3. ఎస్పీ రోడ్డులో కొన్న పెన్‌డ్రైవ్ వాడుతుంటే ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ చూడండి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉండాలి.
4. రెండు వైపులా సైజు సరిపోల్చండి.

ఇక ఇన్‌బాక్స్ బరువు దించడం. పాత మెయిళ్లను ఎంచుకుని 'ఏ' కీ నొక్కితే ఆర్కైవ్స్‌లోకి, ఏ ఏడాదివి ఆ ఏడాది ఫోల్డర్‌లోకి వెళ్తాయి. వేలకొద్దీ ఒకేసారి కాకుండా రెండు మూడు వందల చొప్పున పంపండి. 'మూవ్' అంటే నిజానికి కాపీ చేసి పాతదాన్ని తీసెయ్యడమే, మధ్యలో ఆగితే చిక్కు. మౌస్‌తో లాగి వదిలే అలవాటు మానుకుంటే మేలు: 'పోయిన' మెయిళ్లలో చాలా భాగం పక్క ఫోల్డర్‌లో జారిపడినవే. కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కి అకౌంట్ మొత్తం వెతికాకే కంగారుపడండి.

కాంపాక్ట్‌కు ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి 'కాంపాక్ట్' ఎంచుకోవడమే, కానీ కొన్ని జాగ్రత్తలున్నాయి. కొత్త ఫైలు రాయాలి కాబట్టి డిస్కులో కనీసం ఆ ఫోల్డర్ అంత ఖాళీ ఉండాలి. 6 జీబీ ఇన్‌బాక్స్‌కు 2 జీబీ ఖాళీతో మొదలుపెట్టొద్దు. ఏప్రిల్, మే సాయంత్రాలు ఉరుముల వానకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో ఈ పని పొద్దున పెట్టుకోండి. జరుగుతుండగా కొత్త మెయిళ్లు తెప్పించొద్దు, ప్రోగ్రామ్ మూయొద్దు. మధ్యలో ఆగితే 'ఎన్‌ఎస్‌టీఎంపీ' పేరుతో తాత్కాలిక ఫైలు మిగిలిపోవచ్చు. మెయిళ్లన్నీ ఉన్నాయని తేలేదాకా దాన్ని తీసెయ్యకండి.

యాంటీవైరస్ వల్ల ఇంకో ప్రమాదం ఉంది. ఒక్క మెయిల్‌లో వైరస్ కనబడితే అది ఆ మెయిల్‌ను కాదు, ఇన్‌బాక్స్ ఫైలు మొత్తాన్నే పట్టుకుపోయి క్వారంటైన్‌లో (విడిగా బంధించి) పెట్టవచ్చు. సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద, కొత్తగా వచ్చే మెయిళ్లను విడివిడిగా క్వారంటైన్ చేసే వీలు యాంటీవైరస్‌కు ఇచ్చే గడి ఉంది, టిక్ పెట్టండి. అకౌంట్ సెట్టింగ్స్‌లో 'డిస్క్ స్పేస్' పేజీ కూడా ఒకసారి చూడండి: ఇన్ని రోజులు దాటినవి తీసెయ్యమని అక్కడ ఎవరో ఎప్పుడో పెట్టి ఉంటే, మీ మెయిళ్లు రోజూ చడీచప్పుడు లేకుండా పోతుంటాయి.

ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే మాత్రం కాంపాక్ట్ జోలికి పోవద్దు. డిస్కులో ఆ ఫైలు సైజు చూడండి. జీబీల్లో ఉంటే మెయిళ్లు చాలావరకు లోపలే ఉన్నాయి, పాడైంది విషయసూచిక. రైట్‌క్లిక్, ప్రాపర్టీస్, 'రిపేర్ ఫోల్డర్'. సైజు సున్నాకు దగ్గరగా ఉంటే నకలే దిక్కు: థండర్‌బర్డ్ మూసి, నకలులోని ఇన్‌బాక్స్ ఫైలును 'మెయిల్' లోపలి 'లోకల్ ఫోల్డర్స్'లోకి వేరే పేరుతో, తోక లేకుండా కాపీ చేయండి. తెరిచాక ఎడమవైపు కొత్త ఫోల్డర్‌గా కనిపిస్తుంది.

పొరపాటున తీసేసిన మెయిల్ ట్రాష్‌లో కూడా లేకపోయినా, ఇంకా కాంపాక్ట్ చేయకపోతే ఆశ ఉంది. ఆ మెయిల్ ఉండిన ఫోల్డర్ ఫైలుకు నకలు తీసి, దాన్ని ఇదే పద్ధతిలో వేరే పేరుతో పెట్టి, తెరవకముందే టెక్స్ట్ ఎడిటర్‌లో ఆ మెయిల్ మొదట్లో ఉండే 'ఎక్స్-మొజిల్లా-స్టేటస్' వరుస వెతకండి. 0009 ఉంటే 0001 చేయండి, 0008 ఉంటే 0000. మామూలు నోట్‌ప్యాడ్ పెద్ద ఫైళ్లను మోయలేదు. అసలు ఫైలు మీద ఈ ప్రయోగం ససేమిరా వద్దు.

అవుట్‌లుక్ వాడేవారికి లెక్క వేరు: పాప్ అకౌంట్ అయితే ఫోల్డర్లన్నీ కలిసి ఒకే పీఎస్‌టీ ఫైలు. 2010 వెర్షన్ నుంచి దాని మామూలు పరిమితి 50 జీబీ, కానీ అంతదాకా పెంచకుండా ఏడాదికో పీఎస్‌టీ పెట్టుకోండి. ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్‌లో, క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో దాన్ని ఉంచొద్దు. ఫైలు తెరుచుకోకపోతే దాన్ని బాగుచేసే 'స్కాన్‌పీఎస్‌టీ' ప్రోగ్రామ్ నడపండి, ముందు అవుట్‌లుక్ మూసి, ఫైలు నకలు పక్కన పెట్టాకే.