మిక్సీ కొనేటప్పుడు చిన్న జార్ మూత తీసి చూడండి

కడపలో పండక్కి మిక్సీ కొనబోతున్న వాళ్లకు ఒక మాట. షాపులో అందరూ వాట్స్ అడిగి ఊరుకుంటారు. దోసెల మీద పూసే ఎర్రకారం, శెనక్కాయల పొడి, సంగట్లోకి ఊరిబిండి రోజూ చేసే ఇంటికి 750 వాట్స్ సరిపోతుంది. ఇద్దరే ఉంటే 500 చాలు.

అసలు చూడాల్సింది చిన్న జార్. లోపల బ్లేడు అడుగుకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఎత్తులో ఉంటే నాలుగు వెల్లుల్లి రెబ్బలు, నానబెట్టిన ఎండుమిరపకాయలు దాని కిందే ఉండిపోతాయి. నలగడం లేదని నీళ్లు పోస్తాం, కారం పల్చబడి దోసె మీద నిలవదు. జార్ బిగించి చేత్తో కదిలించండి, ఊగితే తీసుకోవద్దు. మూత రబ్బరు, అడుగున జార్‌ను మోటారుకు కలిపే కప్లర్ మన ఊర్లోనే విడిగా దొరుకుతాయా అని అడగండి, ముందు అరిగేవి అవే. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరిగా ఉండాలి.

వేయించిన శెనక్కాయలు పూర్తిగా చల్లారాకే వేయండి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతాయి, పల్స్ మీద ఆపి ఆపి తిప్పితే పొడి పొడిగా వస్తాయి.

ఎక్కువ వేసినప్పుడు మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే టెన్షన్ పడకండి. ప్లగ్ తీసి, కాసేపు చల్లారనిచ్చి, కొంచెం సరుకు తగ్గించి, అడుగున ఉండే ఓవర్‌లోడ్ బటన్ నొక్కండి. చాలాసార్లు మెకానిక్ అవసరమే రాదు.