డిజిటల్ వాకీటాకీలో మాట స్పష్టంగా వెళ్లాలంటే ఏం చేయాలి?

మేడారం జాతరలాంటి చోట డోలు చప్పుళ్ల మధ్య పాత ఎఫ్‌ఎం సెట్టులో మాట్లాడితే గొంతూ డోలూ రెండూ వినిపిస్తాయి. గొంతును అంకెలుగా మార్చి పంపే డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) సెట్టులో మాత్రం గొంతే చెదిరిపోవచ్చు. 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌లో రెండు సంభాషణలు 30 మిల్లీసెకన్ల చొప్పున వంతులు వేసుకుని నడుస్తాయి. ఒక్కో గొంతుకు సెకనుకు దక్కేది 2,450 బిట్లే. అందుకే సెట్టులో గొంతును కుదించే వోకోడర్ అనే భాగం శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపదు. మనిషి గొంతు ఎలా పలుకుతుందో లెక్క కట్టి, ఆ లెక్కనే పంపుతుంది. డోలు కలిస్తే లెక్క తప్పుతుంది.

ముందు లైసెన్స్. హామ్ బ్యాండ్లో, అంటే సరదాకు రేడియో వాడే హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో మాట్లాడాలంటే కేంద్ర టెలికాం శాఖ పరీక్ష పాసై కాల్‌సైన్ (రేడియోలో మీ గుర్తింపు పేరు) తీసుకోవాలి. పన్నెండేళ్లు నిండితే చాలు, మన పిల్లలతో తప్పకుండా రాయించండి. కాల్‌సైన్ వచ్చాక ఏడంకెల డీఎంఆర్ ఐడీ ఉచితంగా నమోదు చేసుకోవచ్చు.

తర్వాత ప్రోగ్రామింగ్. కేబుల్‌తో సెట్టును కంప్యూటర్‌కు కలిపి, 434–438 మెగాహెర్ట్జ్ మధ్య ఒక ఫ్రీక్వెన్సీ పెట్టండి. కలర్ కోడ్ (ఛానెల్ గుర్తు సంఖ్య) 1, స్లాట్ (పైన చెప్పిన వంతు) 1, టాక్‌గ్రూప్ (మాట్లాడుకునే గుంపు నంబరు) 99 ఇవ్వండి. రిపీటర్ (సిగ్నల్ అందుకుని తిరిగి దూరానికి పంపే కేంద్రం) లేకుండా నేరుగా మాట్లాడుకునేవాళ్లలో ఇదే వాడుక. రెండు సెట్లలో ఇవన్నీ ఒకటే ఉండాలి. తేడా వస్తే చాలా సెట్లలో లైటు వెలుగుతుంది, మాట మాత్రం రాదు. ఎన్‌క్రిప్షన్ (మాటను ఇతరులకు అర్థం కాకుండా మార్చి పంపడం) జోలికి పోవద్దు, హామ్‌లకు అనుమతి లేదు.

అసలు పని మైకు దగ్గరే ఉంది. సెట్టును మూతికి నాలుగైదు అంగుళాల దూరంలో, కాస్త పక్కకు పట్టుకోండి. చప్పుడు వచ్చే వైపు వీపు పెట్టండి. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడండి, లేదంటే మొదటి పదం పోతుంది. అరవొద్దు. అరిస్తే గొంతు పగిలి, వోకోడర్‌కు ఇంకా కష్టమవుతుంది.

ఇక దూరం. హనుమకొండలో పద్మాక్షి గుట్ట మీద ఒకరు, కింద వీధుల్లో ఇంకొకరు ఉండి పరీక్షించండి. ఎఫ్‌ఎంలో సిగ్నల్ తగ్గేకొద్దీ గరగర పెరిగి ముందే తెలుస్తుంది. డిజిటల్‌లో చివరిదాకా శుభ్రంగా వినిపించి, ముక్కలై, ఒక్కసారిగా ఆగిపోతుంది. సిగ్నల్ బలహీనంగా ఉండి మాట తెగితే యాంటెన్నా నిలువుగా పట్టి నాలుగడుగులు జరగండి. సిగ్నల్ నిండుగా ఉన్నా మాట ముద్దముద్దగా వస్తే, మాట్లాడేవాళ్ల సెట్టులో మైక్ గెయిన్ (మైకు గొంతును పెంచే మోతాదు) తగ్గించి చూడండి.