శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా సేవా సైకిల్ యాత్ర: ఎలా సిద్ధం కావాలి?

మన జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు రోగుల కోసం ఇచ్ఛాపురం దాకా సైకిళ్ళ మీద వెళ్దామని మా బ్యాచ్‌లో మాట వచ్చినప్పుడు అందరి కంగారూ కాళ్ళ గురించే. "130 కిలోమీటర్ల పైమాటే, తొక్కగలమా?" తీరా తొక్కాక చూస్తే కాళ్ళు బాగానే ఉన్నాయి. ఏడిపించినవి సీటు, నీళ్ళు, ఎదురుగాలి, డబ్బుల లెక్క. కాబట్టి తయారీ కూడా వాటి నుంచే మొదలుపెట్టండి.

ముందు డబ్బు ఎక్కడికి వెళ్తుందో తేల్చుకోండి

"కిడ్నీ రోగుల సహాయార్థం" అని బ్యానర్ కొట్టిస్తే సరిపోదు. డయాలసిస్ మీద ఉన్న మనిషి మామూలుగా వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మెషిన్ పక్కన పడుకోవాలి. వైద్యం ఉచితంగా అందినా ఊరి నుంచి రానూపోనూ ఆటో ఖర్చు, తోడొచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి ఆ ఇంటి మీదే పడతాయి. నెలకు పన్నెండు ట్రిప్పులు. మేం ఆ ఆటో ఖర్చుకే అని నిర్ణయించుకున్నాం. "ఒక మనిషికి ఒక నెల ఆటో ఖర్చు మీరు పెట్టుకుంటారా?" అని అడిగితే ఇచ్చేవాళ్ళకూ లెక్క తెలుస్తుంది.

డబ్బు మీ సొంత ఫోన్ నంబరుకు వేయించుకోకండి. నమోదైన సేవాసంస్థ ఖాతాకే నేరుగా పంపమనండి, రసీదు వాళ్ళే ఇస్తారు. పన్ను మినహాయింపు కావాలన్న దాతలకు ఒక మాట చెప్పండి: 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి అది వర్తించదు. ఇంకొకటి, ఏదైనా సరే యాత్రకు ముందే తీసుకోండి. "ముందు మీరు వెళ్ళి రండి, అప్పుడు చూద్దాం" అన్నవాళ్ళ వెంట మేం రెండు నెలలు తిరిగాం. ఇచ్ఛాపురం కంటే అదే దూరం అనిపించింది.

తేదీ, దారి

అక్టోబరు పెట్టుకోవద్దు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ తుపాన్లు అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11న మన జిల్లాలోనే తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలకు పడుకోబెట్టింది. మార్చి దాటితే ఎండ. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. అయితే రథసప్తమి ఎప్పుడో క్యాలెండర్‌లో చూసుకోండి, అరసవల్లి జనంతో ఆ రోజు టౌన్ దాటడమే ఒక యాత్ర.

దారి సులభం, 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పోవడమే. నరసన్నపేట, కోటబొమ్మాళి, టెక్కలి, పలాస, కంచిలి, ఇచ్ఛాపురం. టెక్కలికి 50 కిలోమీటర్ల పైచిలుకు, పలాసకు దాదాపు 80. మొదటిసారి వెళ్ళేవాళ్ళు పలాసలో రాత్రి ఆగి రెండు రోజుల్లో వెళ్ళడం మంచిది. ఒకే రోజులో కొట్టేస్తే గొప్పే గానీ, చీకటి పడ్డాక లారీల మధ్య తొక్కే గొప్ప మనకెందుకు?

ఈ దారిలో చెప్పుకోదగ్గ ఎత్తు ఫ్లైఓవర్లే. అసలు కొండ గాలి. ఇచ్ఛాపురం వైపు పోవడమంటే ఈశాన్యానికి పోవడం. చలికాలంలో గాలి ఎక్కువగా అటు నుంచే వస్తుంది. తెలివైనవాళ్ళు ఇచ్ఛాపురంలో మొదలుపెట్టి శ్రీకాకుళం వస్తారు. యాత్ర ఉద్దానంలోనే ముగియాలన్న పట్టుదలతో మేం ఎదురుగాలినే ఎంచుకున్నాం.

సైకిల్ సంగతి

లక్ష రూపాయల సైకిల్ అక్కర్లేదు, గేర్లున్న మామూలు హైబ్రిడ్ (తారురోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే రకం) చాలు. సీటు ఎత్తు మాత్రం సరిగ్గా ఉండాలి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. కిందికొచ్చిన పెడల్ మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగే ఉంటుంది. సీటు కిందికుంటే మోకాళ్ళు, పైకుంటే నడుము చెబుతాయి.

రెండో సంగతి ట్యూబు. కోటబొమ్మాళి దాటాక మా వాడి వెనక టైరు పంక్చరైంది. షాపతను వాల్వు వైపు చూసి, "ఏటి బావూ ఇది, పెన్ను మూతలాగుంది, దీనికి గాలెలగెట్టాలి?" అన్నాడు. అది ప్రెస్టా వాల్వు, సన్నగా ఉంటుంది, మన పంక్చర్ షాపుల పంపు దానికి పట్టదు. మోటార్‌సైకిల్ లాంటి వాల్వు ఉంటే పెట్రోల్ బంకులో కూడా గాలి కొట్టించుకోవచ్చు. మీది సన్న వాల్వయితే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి. మీ సైజు ట్యూబులు రెండు, టైరు లివర్లు (రిమ్ము నుంచి టైరు ఊడదీసే పుల్లలు), చేతిపంపు, అలెన్ కీల (ఆరు పలకల బోల్టు తాళాల) సెట్టు కూడా ఉండాలి.

ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల వేలితో మెల్లగా తడిమి చూడండి. పల్లేరు ముల్లో, లారీ టైర్ల నుంచి ఊడిన సన్న తీగ ముక్కో అక్కడే ఉంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబు ఎక్కిస్తే పది నిమిషాల్లో మళ్ళీ గాలి పోతుంది.

హెల్మెట్, వెనక ఎర్ర లైటు, మెరిసే జాకెట్ లేనివాళ్ళను వెంట తీసుకెళ్ళకండి.

పది వారాల సాధన

వారానికి మూడు రోజులు చాలు. మామూలు రోజుల్లో రెండుసార్లు 15, 20 కిలోమీటర్లు, ఆదివారం పెద్ద రైడ్. మొదట అరసవల్లి మీదుగా శ్రీకూర్మం వెళ్ళి రండి. నాలుగో వారానికల్లా కళింగపట్నం. సముద్రం దగ్గర ఎదురుగాలి రుచి అక్కడే తెలుస్తుంది. ఎనిమిదో వారంలో ఒక్కసారి టెక్కలి వెళ్ళి వచ్చేస్తే వంద దాటుతుంది. ఆ తర్వాత పెంచకండి. ఆఖరి వారం కాళ్ళకు విశ్రాంతి, రోజూ అరగంట తొక్కితే ఎక్కువ.

ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్ కొనుక్కోండి. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. సిగ్గుపడి వేసుకున్నవాళ్ళు నరసన్నపేట చేరేసరికే నిలబడి తొక్కుతుంటారు. తొడల మధ్య వాజ్‌లీన్ రాసుకోండి. కొత్త షార్ట్, కొత్త బూట్లు యాత్ర రోజున మొదలుపెట్టవద్దు.

నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు సాధనకు ముందే డాక్టర్‌కు చూపించుకోవాలి.

నీళ్ళు, తిండి

కిడ్నీల కోసం యాత్ర చేస్తూ మన కిడ్నీలను ఎండబెట్టుకోవడం కంటే వింత ఉండదు. గంటకు అర లీటరు లెక్క పెట్టుకోండి, దాహాన్ని బట్టి కాస్త అటూఇటూ. ఉత్త నీళ్ళే గటగటా తాగినా ప్రమాదమే, చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే ఇంట్లోనే ఓఆర్‌ఎస్ తయారు. మూత్రం లేత పసుపులో ఉంటే సరే, టీ రంగులోకి వస్తే ఆపేసి మీ వెనక వచ్చే వ్యాన్ ఎక్కండి.

నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకుని తొక్కకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీని నేరుగా దెబ్బకొడతాయి. ఉద్దానం జబ్బుకు కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు, కానీ ఎండలో పని, నీళ్ళ కొరత, నొప్పి మాత్రలు అనుమానాల జాబితాలో ఉన్నవే.

బయల్దేరే ముందు చోడి (రాగి) అంబలి గానీ ఇడ్లీలు గానీ. దారిలో గంట గంటకూ ఒక అరటిపండో, పల్లీ చిక్కీయో, నాలుగు ఖర్జూరాలో, ఆకలి వేయకముందే. హైవే దాబాలో బిర్యానీ తిన్నవాడు తర్వాతి ఇరవై కిలోమీటర్లు తొక్కడు, దొర్లుతాడు.

యాత్ర రోజు

పోలీసులకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. తెల్లవారుజామున బయల్దేరండి, మంచుంటే అది విడేదాకా ఆగండి. ఒకరి వెనక ఒకరు, సర్వీస్ రోడ్డు ఉన్నచోట సర్వీస్ రోడ్డే. ముందున్నవాడు గాలిని కోస్తాడు కాబట్టి పది నిమిషాలకోసారి వంతు మార్చుకోండి. మొదటి గంట "ఇంత నెమ్మదా?" అనిపించేంత నెమ్మదిగా తొక్కాలి. మడపాం టోల్‌గేట్ దగ్గర మొదటి విరామం పెట్టుకోండి. ఆడవాళ్ళు ఉంటే బాత్‌రూమ్ ఎక్కడెక్కడుందో ముందే చూసి రాసుకోవడం నిర్వాహకుల పని, వాళ్ళను అడగనివ్వకూడదు. వెనక మినీ వ్యాన్‌లో నీళ్ళు, మందుల పెట్టె ఉండాలి. హైవే సాయానికి 1033, అంబులెన్స్‌కు 108.

తిరుగు ప్రయాణానికి సైకిళ్ళను ఆ వ్యాన్‌లోనే, మధ్యలో గోనెసంచులు పెట్టి కట్టండి. మనుషులు రైల్లో రావచ్చు.

చివరగా, రోగుల ఇళ్ళకు వెళ్తే పళ్ళు పట్టుకెళ్ళకండి. మేం రెండు డజన్ల అరటిపళ్ళు, కొబ్బరిబొండాలు కొనుక్కుని వెళ్ళాం. ఆ ఇంటి ఇల్లాలు సంచి వైపు చూసి, "ఇవి ఆయనకి ఇయ్యకూడదు బాబూ, పొటాషియం ఎక్కువంటారు. నీళ్ళు కూడా గ్లాసు కొలిచే ఇస్తన్నాను" అంది. బొండాలు వాళ్ళ పిల్లలకు ఇచ్చేశాం. అరటిపళ్ళు శ్రీకాకుళానికి రైలు దిగే ఆమదాలవలస వచ్చేదాకా రైల్లో మేమే తిన్నాం.