అమెరికాలో కుడివైపు డ్రైవింగుకు అలవాటు పడడం ఎలా?

చదువు కోసమో ఉద్యోగం కోసమో టెక్సస్ రాష్ట్రంలోని డల్లాస్ పరిసరాలకు కొత్తగా వచ్చిన తెలుగువారి పక్క సీట్లో కూర్చుని నేను చాలామందికి కారు నేర్పాను. ఎక్కువ పొరపాట్లు చేసేది ఎన్నడూ స్టీరింగు పట్టనివారు కాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో పదేళ్లు కారు నడిపినవారే. వారి చేతులు ఆలోచనతో పని లేకుండా పాత అలవాటు ప్రకారం కదులుతాయి.

మొదటి దశ: కాగితాలు

బయలుదేరే ముందే మీ ఊరి ఆర్టీఏ కార్యాలయంలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అది ఏడాది చెల్లుతుంది కానీ అసలు లైసెన్సు వెంట లేకపోతే దానికి విలువ లేదు. టెక్సస్‌లో స్థిరపడినవారు 90 రోజులలోపు ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. రాతపరీక్షలో 30 ప్రశ్నలుంటాయి, 21 సరిగా రాస్తే చాలు. బీమా విషయంలో చట్టం అడిగే కనీస మొత్తంతో సరిపెట్టుకోకండి. ఎదుటివారి కారు నష్టానికి అది ఇచ్చేది 25,000 డాలర్లే.

రెండవ దశ: కారు

చిన్న సెడాన్‌తోనే మొదలుపెట్టాలి. ఇక్కడ దాదాపు అన్నీ ఆటోమేటిక్ కార్లే కాబట్టి ఎడమ కాలిని పక్కకు పెట్టి మరిచిపోండి. లేకపోతే క్లచ్ అనుకుని బ్రేకును గట్టిగా తొక్కేస్తారు. మన కార్లలో చాలావాటికి కుడిచేతి వైపు ఉండే ఇండికేటరు మీట ఇక్కడ ఎడమచేతి వైపు ఉంటుంది. మొదటి వారం మలుపు తిరగబోయినప్పుడల్లా వైపర్లు ఆడతాయి, దానికి కంగారు పడనక్కరలేదు.

మూడవ దశ: సాధన వేళ

ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్ల మీద నేర్చుకొమ్మని అందరూ చెబుతారు. ఈ సలహా తప్పు. పక్కన వాహనాలు వెళ్తుంటే రోడ్డులో ఏ సగం మనదో అవే చూపిస్తాయి; రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే చేతులు పాత అలవాటుకు తిరిగిపోతాయి. వారం మధ్యలో, ఉదయం పది గంటలకు, కార్లు ఓ మోస్తరుగా తిరిగే నాలుగు లేన్ల రోడ్డు మీద సాధన చేయాలి. అపార్ట్‌మెంట్ పార్కింగులో గంటల తరబడి చక్కర్లు కొడితే స్టీరింగు అలవాటవుతుందే తప్ప రోడ్డులో మన లేన్‌లో నడపడం అలవాటు కాదు.

నాలుగవ దశ: ఎడమ మలుపు

ఈ దశను నిదానంగా, రెండుసార్లు చదవండి. మన దేశంలో ఎడమకు తిరగడం అంచును ఆనుకుని పోయే చిన్న మలుపు. ఎవరి దారికీ అడ్డం వెళ్లనక్కరలేదు. ఇక్కడ ఎడమ మలుపు మన కుడి మలుపు లాంటిది: ఎదురుగా వచ్చే వాహనాల దారిని దాటుకుంటూ, కూడలి మధ్య దాకా వెళ్లి, వెడల్పుగా తిరగాలి. పాత అలవాటుతో చిన్నగా తిరిగితే నేరుగా ఎదురు వాహనాల లేనులోకి చేరతారు.

ముందు సిగ్నలును చదవడం నేర్చుకోండి. పచ్చ బాణం వెలిగితే ఎదుటివారికి ఎర్ర లైటు ఉన్నట్టే. గుండ్రని పచ్చ లైటు వెలిగితే మాత్రం వారికీ సాధారణంగా పచ్చ లైటే ఉంటుంది. వారు వెళ్లేదాకా ఆగడం మీ బాధ్యత. మిణుకుమిణుకుమనే పసుపు బాణానికీ ఇదే అర్థం.

ఆగవలసి వస్తే కూడలిలోకి కొంచెం ముందుకు వెళ్లి, చక్రాలను నిటారుగా ఉంచి ఆగండి. ముందే ఎడమకు తిప్పి ఉంచితే, వెనుక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు కారు ఎదురు వాహనాల మీదికి పోతుంది. మీరు కూడలిలో ఉండగా లైటు పసుపుగా మారితే వెనక్కి వెళ్లకండి. ఎదుటివారు ఆగారని కళ్లారా చూసి మలుపు పూర్తి చేయండి.

తిరిగేటప్పుడు మీ చూపు అవతలి రోడ్డులో పసుపు గీతకు కుడివైపున ఉన్న మొదటి లేను మీద ఉండాలి. ఎదురెదురు వాహనాలను విడదీసేది పసుపు గీత. ఒకే దిశలో పోయే లేన్లను విడదీసేది తెల్ల గీత. పసుపు గీత ఎప్పుడూ మీ ఎడమ భుజం వైపే ఉండాలి. ఇండియాలోనైనా ఇక్కడైనా డ్రైవరు కూర్చునేది రోడ్డు మధ్య వైపే, పక్కన కూర్చున్నవారు ఉండేది అంచు వైపు. మలుపు తిరిగిన ప్రతిసారీ "పసుపు ఎడమ" అని పైకి అనండి. నేను నేర్పిన ప్రతి ఒక్కరిచేతా ఇలా అనిపించాను.

ముందున్న కారు వెనుకే పోతే చాలని కొందరు అంటారు. ముందు కారే లేనప్పుడు ఆ సలహా దేనికి పనికొస్తుంది? ఒక తెల్లవారుజామున నా దగ్గర నేర్చుకుంటున్న ఒకరు దుకాణం పార్కింగులోంచి ఖాళీ రోడ్డు మీదికి ఎడమకు తిరిగి తప్పు సగంలోకి వెళ్లారు. ఎదురుగా వచ్చిన వ్యక్తి సమయానికి ఆపాడు కాబట్టి ప్రమాదం తప్పింది. అలాంటి పరిస్థితి వస్తే రోడ్డుకు అడ్డంగా తిప్పకుండా వేగం తగ్గించి, దగ్గరి అంచుకు చేరి, నాలుగు ఇండికేటర్లూ వేసి ఆగండి.

టెక్సస్ హైవేలకు రెండు పక్కలా ఉండే సర్వీసు రోడ్లు నగరాలలో ఎక్కువగా ఒకే దిశవి. బ్రిడ్జి కింద నుంచి వెళ్తూ అలాంటి రోడ్డులోకి ఎడమకు తిరగాలంటే, బ్రిడ్జికి ముందు వచ్చే రోడ్డును వదిలి, దాటాక వచ్చే రెండవ దానిలోకి తిరగాలి. మొదటిదానిలోకి తిరిగితే వాహనాలన్నీ మీకు ఎదురే వస్తాయి.

ఐదవ దశ: మిగిలిన నియమాలు

నాలుగు వైపులా స్టాప్ గుర్తు ఉన్నచోట రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రాలు పూర్తిగా ఆగాలి. ముందు వచ్చినవారు ముందు వెళ్తారు. ఇద్దరు ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవారిది మొదటి హక్కు. పిల్లలను ఎక్కించుకోవడానికి ఆగిన స్కూలు బస్సు ఎర్ర లైట్లు వెలిగిస్తే రెండు దిశలవారూ ఆగాలి. మధ్యలో నిజమైన డివైడరు ఉంటేనే ఎదురు దిశవారికి మినహాయింపు; గీతలతో వేసిన మలుపు లేను డివైడరు కాదు. మొదటిసారి తప్పుకే జరిమానా 500 డాలర్ల నుంచి మొదలవుతుంది.

పెట్రోలును ఇక్కడ గ్యాస్ అంటారు, మనమే పోసుకోవాలి. పంపు జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) అడిగి భారతీయ కార్డును తిరస్కరిస్తే, లోపలికి వెళ్లి ముందుగా డబ్బు కట్టండి. డల్లాస్ టోల్ రోడ్ల మీద నగదు తీసుకోరు. మన ఫాస్టాగ్ లాంటి టోల్‌ట్యాగ్ లేకపోతే బిల్లు ఇంటికి వస్తుంది, ఎక్కువ కూడా పడుతుంది.

పోలీసు కారు మీ వెనుక వచ్చి లైట్లు వేస్తే కుడి అంచుకు ఆపి, సీటులోనే ఉండండి. మన దగ్గరలా దిగి అధికారి వద్దకు నడవకూడదు. చేతులు స్టీరింగు మీద ఉంచి, కాగితాలు అడిగాక, అవి ఎక్కడున్నాయో చెప్పి మరీ తీయండి.

యాభై ఎడమ మలుపులు పొరపాటు లేకుండా తిరిగాకే హైవే ఎక్కండి. ర్యాంపు మీదే వేగం పెంచి, 60 మైళ్లతో పోతున్న వాహనాలలో కలవాలి. అంటే మన లెక్కలో గంటకు దాదాపు 97 కిలోమీటర్లు. ర్యాంపు చివర భయపడి ఆగిపోతే వెనుకవారు మిమ్మల్ని గుద్దుతారు.