పల్లె పార్క్‌ల్యాండ్ గోల్ఫ్ కోర్సు: ఆడుతూ అంచనా వేయడం

ఇంగ్లండ్ పల్లెల్లోని ఇలాంటి కోర్సుల్లో ముందు స్కోర్‌కార్డు మీద స్లోప్ రేటింగ్ (మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) చూడండి. 113 ప్రామాణికం, 130 దాటితే మామూలు ఆటగాడికి తిప్పలే. ఓక్ చెట్ల మధ్య డ్రైవర్ (చాలా దూరం కొట్టే పొడవాటి కర్ర) మోజు వద్దు, అదుపు సులువైన హైబ్రిడ్ కర్ర చాలు. కొమ్మల కింద పడితే బంతిని వెనక పాదం వైపు ఉంచి, 7 ఐరన్ అనే కర్రతో సగం ఊపుతో కొట్టి ఫెయిర్‌వేకి (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారికి) తీయండి. బంతి కనబడకపోతే వెతకడానికి 3 నిమిషాలే గడువు.

చలికాలంలో బంకమట్టి నీరు ఇంకనివ్వదు, బంతి దొర్లదు. ఫెయిర్‌వేలో బంతి తను పడి చేసిన గుంటలోనే కూరుకుపోతే పెనాల్టీ లేకుండా డ్రాప్ చేసుకోవచ్చు (తీసి, చేత్తో జారవిడవచ్చు).

అసలు పరీక్ష గ్రీన్లదే, అంటే రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డిదే. చెట్ల నీడలో ఉన్నదాని మీద మీటరు దూరం నుంచి పట్ చేయండి (బంతిని రంధ్రంలోకి మెల్లగా దొర్లించండి). బంతి గెంతుతూ పోతే నాచో, పోవా అనే గడ్డి వెన్నులో కారణం. క్లబ్‌హౌస్ సోకులకు మార్కులు వేయకండి. బంకర్లో (ఇసుక గుంటలో) అడుగున గట్టి నేల తగిలితే ఇసుక పలచబడినట్టే.