దుఃఖంలో ఉన్నవాళ్లకు కౌన్సెలింగ్ చేయాలంటే

దగ్గరివాళ్లను పోగొట్టుకున్న మనిషి చుట్టూ ఓదార్చేవాళ్లకు కొదవుండదు. ధైర్యంగా ఉండమంటారు, కాలమే మాన్పుతుందంటారు, పోయినవాళ్లు ఎలాగూ పోయారు ఉన్నవాళ్ల సంగతి చూసుకోమంటారు. ఇవే మాటలు ఇంకొంచెం మెత్తగా చెప్పడానికైతే కౌన్సెలర్ అక్కర్లేదు. ఆ మనిషి ఏడుపుకి, కోపానికి, కొన్నిసార్లు అసలేమీ అనిపించకపోవడానికి కూడా చోటివ్వడమే మీ పని. ఎవరైనా ఏడుస్తుంటే చూడలేక వెంటనే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టాలనిపించే స్వభావం మీదైతే, అది మంచి స్వభావమే, కానీ ఈ గదిలో అదే మీకు అడ్డం వస్తుంది.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను. సైకాలజీ, సోషల్ వర్క్, కౌన్సెలింగ్ లాంటి వాటిలో పీజీ ఉంటే మేలు, జీతానికి చేసే ఉద్యోగాలు చాలావరకు అదే అడుగుతాయి. లైసెన్స్ నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి, మీరున్న చోట కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏం కావాలో ముందే కనుక్కోండి. హాస్పిస్‌లు (చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే కేంద్రాలు), పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం) విభాగాలు వాలంటీర్లకు శిక్షణ ఇస్తుంటాయి, చదువుకుంటూనే అక్కడ మొదలుపెట్టొచ్చు. మీ ఇంట్లోనే ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే మాత్రం కొంతకాలం ఆగండి. సొంత అనుభవం పనికొస్తుంది, కాకపోతే అది పచ్చిగా ఉన్నప్పుడు ఎదుటివాళ్లు చెప్పేదాంట్లో కూడా మీ కథే వినిపిస్తుంది.

ఐదు దశల గురించి

నిరాకరణ, కోపం, బేరసారాలు, కుంగుబాటు, అంగీకారం అని ఐదు దశలుంటాయని వినే ఉంటారు. ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే మనోవైద్యురాలు 1969లో వీటి గురించి రాశారు, అదీ చావుకు దగ్గరపడిన రోగులతో మాట్లాడి. అంటే మొదట ఆ దశలు చనిపోబోయేవాళ్లవి. పోనుపోను వాటిని పోగొట్టుకున్నవాళ్లకూ అంటగట్టి, ఒకటి దాటాకే ఇంకోటి వస్తుందన్నట్టు జనంలోకి తీసుకెళ్లారు. ఇప్పుడు క్లయింట్లే వచ్చి ‘నాకింకా కోపం రాలేదండీ, నాలో ఏమైనా తేడా ఉందా’ అని టెన్షన్ పడుతుంటారు. ఏ తేడా లేదని, దుఃఖం వరసలో నడవదని చెప్పడమే వాళ్లకు సగం ఊరట.

అంతకంటే పనికొచ్చేది మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ప్రతిపాదించిన నమూనా అని నా అభిప్రాయం. మనిషి అటు దుఃఖానికీ ఇటు రోజువారీ బతుకుకీ మధ్య ఊగుతూ ఉంటాడని, ఆ ఊగడమే ఆరోగ్యకరమని వాళ్లంటారు. పొద్దున ఫొటో చూసి కుప్పకూలిపోయిన మనిషి సాయంత్రం బ్యాంకు ఫారాలు నింపుకుంటూ పిల్లలు చెప్పిన జోక్‌కి నవ్వొచ్చు. అలా నవ్వినందుకు సిగ్గుపడుతూ వచ్చేవాళ్లు చాలామంది, ఈ ఒక్క విషయం వివరించినా వాళ్లకు మనసు తేలికపడుతుంది. ఒకవైపే ఉండిపోయినవాళ్లను, అంటే రోజంతా ఏడుపులోనే ఉన్నవాళ్లనీ, పనుల్లో మునిగి అసలు ఆ ఊసే ఎత్తనివాళ్లనీ, కాస్త ఎక్కువ గమనించండి.

విలియమ్ వోర్డెన్ అనే మనస్తత్వవేత్త 1982లో దుఃఖాన్ని నాలుగు పనులుగా విడదీశారు: జరిగింది నిజమని ఒప్పుకోవడం, బాధను అనుభవించడం, ఆ మనిషి లేని లోకానికి అలవాటుపడటం, నాలుగోది పోయినవాళ్ల మీంచి మనసు మళ్లించుకోవడం. ఈ నాలుగోదాన్ని ఆయనే తర్వాతి కూర్పుల్లో మార్చుకున్నారు, పోయినవాళ్లతో ఏదో ఒక బంధం నిలుపుకుంటూనే ముందుకు సాగడం అని. ఈ మార్పు ఎందుకంత ముఖ్యమో పనిలో దిగాక తెలుస్తుంది. భర్త చొక్కా బీరువాలో దాచుకున్న ఆవిడ గురించో, కొడుకు నంబరుకి ఇంకా మెసేజ్‌లు పెడుతున్న తండ్రి గురించో ‘ఇంకా బయటపడలేదు’ అని నోట్స్‌లో రాసేయకండి.

గదిలో కూర్చున్నాక

వివరాలన్నీ ఫారంలో ఉన్నా సరే, ఎవరు పోయారు, ఎలా జరిగింది అన్నది వాళ్ల నోటితో చెప్పనివ్వండి. పోయినవాళ్ల పేరు అడిగి ఆ పేరుతోనే మాట్లాడండి, ఎందుకంటే ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఎక్కడ బాధపెడతామో అని ఈపాటికే ఆ పేరు ఎత్తడం మానేసి ఉంటారు. ‘ఎలా ఉన్నారు’ అంటే ‘బాగానే ఉన్నాను’ అనే జవాబే వస్తుంది. ‘రాత్రి నిద్ర పట్టిందా’, ‘రోజులో ఏ వేళ బాగా కష్టంగా ఉంటోంది’, ‘ఆయన ఎలాంటి మనిషి’ అని అడిగి చూడండి, ఈ చివరి ప్రశ్నకు ఏడుస్తూనే నవ్వేవాళ్లు ఉంటారు.

మాట ఆగిపోయినప్పుడు మీరు పూరించకండి. ఆ నిశ్శబ్దం మీకు చాలాసేపు అనిపిస్తుంది, వాళ్లకు అనిపించదు, అసలు విషయం చాలాసార్లు దాని తర్వాతే బయటికొస్తుంది. టిష్యూ డబ్బా అందేలా పెట్టండి గానీ కన్నీళ్లు కనపడగానే చేతిలో పెట్టకండి, కొందరికి అది ‘ఇక చాలించండి’ అన్నట్టు ఉంటుంది. ‘మీ బాధ నాకు అర్థమైంది’ అనకండి, మొదటిరోజు ఎలా అర్థమవుతుంది? ఇంకోటి, ‘కదా’తో ముగిసే ఓదార్పు ఏదైనా సరే నోటి దాకా వస్తే మింగేయండి: పెద్ద వయసే కదా, నొప్పి తెలియకుండా పోయారు కదా, ఇంకో బిడ్డ ఉంది కదా.

అన్నిటికంటే కష్టమైనది అపరాధభావం. ‘ఇంకో గంట ముందు తీసుకెళ్లి ఉంటే బతికేవాడు’ అని ఒక తండ్రి అంటే, మనకు వెంటనే నోటికొచ్చేది ‘మీ తప్పేం లేదండీ’. అలా అనగానే ఆయన ఆ విషయం మీ దగ్గర మాట్లాడటం మానేస్తాడు, ఇంటికెళ్లి ఒంటరిగా అదే ఆలోచించుకుంటాడు. ముందు మొత్తం చెప్పించండి. ఆ పూట ఏం జరిగింది, మీకు అప్పటికి ఏం తెలుసు, ఏం చూసి కాసేపు ఆగుదాం అనుకున్నారు అని ఒక్కొక్కటే అడుగుతూ పోతే, ఇవాళ తెలిసింది ఆ పూట తెలియదన్న సంగతి చాలాసార్లు ఆయనే అంటాడు, మీరు వంద సార్లు చెప్పినదానికంటే అది బలంగా నిలుస్తుంది. కొన్నిసార్లు తప్పు నిజంగానే ఉంటుంది, బండి నడిపింది తనే అయి ఉండొచ్చు. అప్పుడు లేదని బుకాయిస్తే మీ మీద నమ్మకం పోతుంది. అలాగే ఏళ్ల తరబడి మంచాన ఉన్నవాళ్లకు సేవ చేసి, వాళ్లు పోయాక హాయిగా ఊపిరి పీల్చుకున్నందుకు కుమిలిపోయేవాళ్లూ వస్తారు. ఆ ఊరట, ఆ ప్రేమ రెండూ ఒకే మనిషిలో ఉండటం మామూలేనని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

దుఃఖించే హక్కు కూడా లోకం ఇవ్వనివాళ్లు ఉంటారు: గర్భస్రావమైన దంపతులు, విడాకులు తీసుకున్న భర్త పోయిన భార్య, ఎవరికీ చెప్పుకోలేని ప్రేమికులు, పెంపుడు కుక్క పోయినవాళ్లు. దుఃఖం మీద పరిశోధన చేసిన కెన్నెత్ డోకా 1989లో దీని గురించి ప్రత్యేకంగా రాశారు. వీళ్లు చాలావరకు నిద్ర పట్టట్లేదనో, ఆఫీసులో చిరాగ్గా ఉంటోందనో వస్తారు, అసలు సంగతి రెండో మూడో సెషన్‌లో గానీ బయటపడదు.

పిల్లలతో అయితే సూటిగా ‘చనిపోయారు’ అనే చెప్పాలి. ‘నిద్రపోయారు’ అంటే పడుకోవడానికి భయపడతారు, ‘ఊరెళ్లారు’ అంటే ఎదురుచూస్తారు. అడిగిన ప్రశ్నే పదిసార్లు అడుగుతారు, పదిసార్లూ అదే జవాబు చెప్పండి. ఐదు నిమిషాలు ఏడ్చి ఆటకు పరిగెత్తితే వాళ్లకు బాధ లేదనుకోవద్దు.

మీ చేతిలో లేనివి

‘నేనూ ఆయన దగ్గరికే వెళ్లిపోవాలనుంది’ అనే మాట ఈ పనిలో తరచూ వింటారు. చాలాసార్లు అది బెంగతో అన్నమాటే, కానీ అలా అనుకుని వదిలేయకూడదు. ‘ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, అడిగినందుకు తేలికపడేవాళ్లే ఎక్కువ. ఎలా, ఎప్పుడు అన్నది కూడా ఆలోచించుకున్నారంటే వాళ్లను ఒంటరిగా వదలకండి, వెంటనే అత్యవసర సేవలకో సైకియాట్రిస్ట్‌కో, ఇంట్లోవాళ్లకో చెప్పాలి. ఇలాంటప్పుడు గోప్యత పక్కన పెడతారని మొదటి సెషన్‌లోనే చెప్పి ఉంచండి, అప్పుడు నమ్మకద్రోహంలా అనిపించదు.

నిజానికి దుఃఖంలో ఉన్న చాలామందికి కౌన్సెలింగ్ అవసరమే పడదు, ఇంట్లోవాళ్లు, స్నేహితులు, కొంత సమయం సరిపోతాయి. బలవంతంగా తీసుకొచ్చినవాళ్లకంటే తమంతట తాము వచ్చినవాళ్లకే ఇది బాగా పనిచేస్తుంది. మరోవైపు మీ సాయం ఒక్కటే సరిపోనివాళ్లు ఉంటారు. నెలలు గడిచినా తీవ్రమైన ఆరాటం, ఆ మరణాన్ని నమ్మలేకపోవడం, తనలో ఒక భాగం పోయినట్టుండటం ఏ మాత్రం తగ్గక, ఉద్యోగం, ఇల్లు నడవని స్థితిని ‘దీర్ఘకాలిక శోక రుగ్మత’గా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 కనీసం 6 నెలలు అంటుంది, 2022లో వచ్చిన అమెరికా మానసిక రుగ్మతల మాన్యువల్ డీఎస్ఎం-5-టీఆర్ పెద్దవాళ్లకు 12 నెలలు, పిల్లలకు 6 నెలలు అంటుంది. డయాగ్నసిస్ మీరు చేయకండి, చేయగలిగినవాళ్ల దగ్గరికి పంపండి. అందుకే నమ్మకమైన సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టుల నంబర్లు పని మొదలుపెట్టే ముందే దగ్గరుంచుకోవాలి, అవసరం పడ్డాక వెతకడం కుదరదు.

మీ సంగతి కూడా చూసుకోవాలి. సూపర్‌విజన్, అంటే మీ కేసుల గురించి అనుభవమున్న ఇంకో కౌన్సెలర్‌తో క్రమం తప్పకుండా మాట్లాడటం, లేకుండా ఈ పని చేయొద్దు, ఎంత అనుభవం ఉన్నా సరే. బిడ్డలు పోయిన కేసులు రెండు వెంటవెంటనే పెట్టుకోకండి, మధ్యలో ఓ అరగంట వదలండి, నోట్స్ ఆ వెంటనే రాసేయండి. ఇంట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే కూడా చిరాకేస్తోంది, క్లయింట్ ఫోన్ చేసి సెషన్ రద్దు చేస్తే హమ్మయ్య అనిపిస్తోంది అంటే సెలవు తీసుకోవాల్సిన సమయం దాటిపోయిందని అర్థం.

ఇక ముగించడం. కొత్తవాళ్లు దీన్ని చివరి రోజుకి వాయిదా వేస్తారు, ఎందుకంటే చెప్పడానికి మొహమాటం. ఒకసారి పోగొట్టుకున్న మనిషికి మీరు కూడా హఠాత్తుగా మాయమైతే ఎలా ఉంటుందో ఆలోచించండి, మూడు నాలుగు సెషన్ల ముందే తేదీ చెప్పండి. రాబోయే పుట్టినరోజు, పెళ్లిరోజు, పోయిన తేదీ ఎప్పుడెప్పుడో రాయించి, ఆ రోజుల్లో ఎవరితో ఉంటారు, సెలవు పెడతారా పనికి వెళ్తారా అన్నది వాళ్లతోనే తేల్చుకోనివ్వండి. మళ్లీ రావాలనిపిస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలో కూడా అదే కాగితం మీద రాసివ్వండి.