నీటి ఎద్దడిలో మేత జొన్న మీద పీహెచ్‌డీ: మడి నుంచి గాడి దాకా

గుంటూరు చుట్టుపక్కల నేలల్లో మేత జొన్న మీద ఎద్దడి ప్రయోగం పెట్టబోయే జూనియర్ల కోసం ఇది రాస్తున్నాను. తడి తగ్గితే దిగుబడి తగ్గుతుందని రైతుకు మనం చెప్పక్కర్లేదు. ఆ వాడిన చొప్పను గేదె ముందు వేయొచ్చా, వేస్తే ఎప్పుడు వేయాలి? ఆయన అడిగేది అదీ. థీసిస్ అక్కడి దాకా వెళ్ళాలి.

మన నల్లరేగడి తేమను గట్టిగా పట్టి ఉంచుతుంది. అక్టోబరు, నవంబరుల్లో విత్తితే ఒక్క తుపానుకు ఎద్దడి మడులన్నీ తడి మడులైపోతాయి. జనవరి నెలాఖరున విత్తండి. మడికీ మడికీ మధ్య రెండు మీటర్లు వదలండి. గట్టు ఒక్కటే చాలదు, నీళ్ళు రేగడి బీటల్లోంచి పక్కకు పోతాయి.

తడులను రోజుల లెక్కన పెట్టొద్దు. ఫిబ్రవరి ఎండ వేరు, ఏప్రిల్ ఎండ వేరు. పాన్ ఎవాపోరిమీటర్ (తొట్టెలో నీరు ఎన్ని మి.మీ. ఆవిరైందో చూపే సాధనం) చూసుకోండి. తడికి 50 మి.మీ. ఇచ్చేటప్పుడు, ఆవిరి 50 మి.మీ. చేరగానే పెడితే తడికీ ఆవిరికీ నిష్పత్తి 1.0, 100 దాకా ఆగితే 0.5. ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు మడికి 50 మి.మీ. అంటే 1000 లీటర్లు. పైపుకు వాటర్ మీటర్ బిగించి కొలిచి పెట్టండి. నత్రజని అన్ని మడులకూ ఒకే మోతాదు వేయాలి, ఎందుకంటే యూరియా పెరిగినా విషం పెరుగుతుంది.

ఆ విషం సంగతే అసలు పని. జొన్న వాడేకొద్దీ ఆకుల్లో ధురిన్ అనే సయనైడు పదార్థం పేరుకుంటుంది. పశువు నమిలినప్పుడు దాన్నుంచి హైడ్రోసయానిక్ ఆమ్లం విడుదలవుతుంది. మన ఊళ్ళలో నాము అనేది దీన్నే. లేత మొక్కలో, కోసిన మోడు నుంచి లేచే పిలకల్లో ఇది మరీ ఎక్కువ. అందుకని పూత దశలో ఒక్కసారి కొలిచి ఊరుకోవద్దు. నెల వయసులో ఒకసారి, సగం పూతలో ఒకసారి, పిలకల్లో ఒకసారి తీయండి. శాంపిల్ పచ్చిదే కావాలి. ఓవెన్‌లో ఆరబెడితే విషం చాలావరకు ఎగిరిపోయి, ప్రమాదకరమైన మేత కూడా మంచిదిగా కనిపిస్తుంది. ఆకును తుంచి ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజే నూరండి. మూత బిగించిన గొట్టంలో నూరిన ఆకు వేసి, పైన పిక్రేట్ కాగితం (ఈ విషాన్ని పట్టిచ్చే పసుపు కాగితం) వేలాడదీస్తే, విషం ఉంటే పసుపు రంగు ఇటుక ఎరుపుకు తిరగడం ల్యాబులోనే చూడొచ్చు. ఎక్కువైతే నైట్రేటు కూడా పశువుకు విషమే, దాని కోసం కాండం అడుగు భాగాన్ని వేరుగా తీయండి. అది ఎండబెట్టినా పోదు.

పోషకాల శాంపిళ్ళు మాత్రం 60–65 డిగ్రీల దగ్గర ఆరనివ్వండి.

మేపే ప్రయోగానికి జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి. విత్తకముందే దరఖాస్తు పెట్టుకోండి. నాము ఎక్కువ తేలిన మేతను పచ్చిగా వేయకండి. పాతర వేసి గానీ బాగా ఎండబెట్టి గానీ మళ్ళీ పరీక్షించాకే పశువుకు పెట్టండి. పోలిక ఎండు పదార్థం మీదే ఉండాలి: పది కిలోల పచ్చిమేతలో తడి మడిది రెండు కిలోల ఎండు పదార్థం తేలితే, వాడిన మడిది మూడు తేలొచ్చు. పొద్దున్నే గాడిలో మిగిలిన మేతను కాండం, ఆకు వేరుచేసి తూయండి. రెంటినీ కలిపి తూస్తే గేదె దేన్ని ఏరుకు తిన్నదో తెలియదు.